గృహోపకరణ పరీక్ష: కంప్యూటరు తెరపై టెలివిజను

పుంగనూరునుండి యొక సోదరీమణి వ్రాసిన జాబు రెండు మాసములుగా మా బల్లమీదనే యున్నది. వేసవి పిడుగుపాటున వారి యింటి టెలివిజను కాలిపోయినదట. ఇంట కంప్యూటరొకటి కలదు. అది ఇంటరు రెండవ సంవత్సరము చదువుచున్న కుమార్తెది. పక్షవాతముతో మంచము పట్టిన అత్తగారికి మధ్యాహ్నవేళ శ్రీవేంకటేశ్వర భక్తి చానెలులో స్వామివారి కల్యాణోత్సవము చూచుటయే దినమంతటికి నున్న యొక్క వేడుక. క్రొత్త టెలివిజనుకు ఇప్పట్లో సొమ్ము సమకూడదు. పాతసామానుల యంగడిలో ట్యూనరు పెట్టె ఐదువందలకు దొరకుచున్నదట. కొనవచ్చునా, మానవలెనా యని వారి ప్రశ్న.

మేము చేతితో పట్టి చూడని వస్తువును గూర్చి ఈ పుటలలో మంచిగాని చెడ్డగాని వ్రాయు నలవాటు మాకు లేదు. కావున మదనపల్లెలో అట్టి పెట్టె నొకదానిని మేమును ఐదువందలకే కొంటిమి.

ఈ పెట్టె ఇరువది యేండ్ల క్రిందట మన పట్టణములలో విరివిగా అమ్ముడుపోయినది. అరచేతికంటె కొంచెము పెద్దది. కంప్యూటరునకును దాని తెరకును నడుమ దీనిని తగిలింతురు. కంప్యూటరులోపల బిగించు కార్డువలె గాక, ఇది కంప్యూటరును ఆర్పివేసినను పనిచేయును. మన టెలివిజను బొమ్మ 625 గీతలుగా, సెకనునకు 25 చొప్పున వచ్చును. కంప్యూటరు తెర సాధారణముగా సెకనుకు 60 బొమ్మలు కోరును. ఆ రెంటికిని పొత్తు కుదుర్చుటయే ఈ పెట్టె పని. రిమోటుమీది యొక మీట నొక్కిన కంప్యూటరు బొమ్మ పోయి టెలివిజను బొమ్మ వచ్చును. మరల నొక్కిన మొదటిది వచ్చును.

మదనపల్లెలో మా యింట తొలి పరీక్ష. కేబులు తీగను తెచ్చి పెట్టె వెనుక గ్రుచ్చి, చానెళ్లు వెదకుమని మీట నొక్కితిమి. పావుగంట వెదకినది. నీలపు తెర తప్ప వేరేమియు లేదు. మాకు కోపము వచ్చినది. అంగడికి బోయి, చచ్చిన పెట్టె నంటగట్టితివని ఆ కుఱ్ఱవానిని నలుగురిలో గట్టిగానే యంటిమి. అతడు నొచ్చుకొని, "అమ్మా, కేబులు తీగ నేరుగా పెడితే రాదు, సెట్‌టాప్ బాక్సునుండి తేవలె" నని చెప్పి పంపినాడు.

తప్పు మాదే. కేబులు ప్రసారములను డిజిటలుగా మార్చు పని 2012లో మహానగరములతో మొదలైనది. మదనపల్లె, పుంగనూరు వంటి పట్టణములకు 2015 డిసెంబరు, తక్కిన యూళ్లకు 2017 మార్చి గడువులు పెట్టిరి. వ్యాజ్యములవలన అవి కొంత జరిగినను, పని జరుగక మానలేదు. ఈ పెట్టెకు తెలిసినది పాత అనలాగు భాష; ఇప్పుడు తీగలో వచ్చునది వేరు భాష. చానెళ్లు వెదకు దాని సగము బుద్ధి నిరుపయోగమైనది. మిగిలిన సగము, అనగా పసుపు, ఎఱుపు, తెలుపు తీగల నందుకొను రంధ్రములు, ఇంకను పనికివచ్చును. ఆ తీగలను సెట్‌టాప్ బాక్సునుండి తెచ్చి కలిపినంతనే బొమ్మ వచ్చినది. మఱునాడు అంగడికి బోయి ఆ కుఱ్ఱవానితో మా పొరపాటు ఒప్పుకొంటిమి.

రెండవ పరీక్ష పుంగనూరులో, జాబు వ్రాసిన వారి యింటనే. వారి సెట్‌టాప్ బాక్సు క్రొత్తది. మూడు రంధ్రములకు మారుగా చెవిగొట్టపు తీగ పట్టునంతటి రంధ్ర మొక్కటే యున్నది. అంగడిలో దొరకిన తీగ గ్రుచ్చితిమి. బొమ్మ వణకుచు దొర్లినది. స్పీకరులో తుమ్మెదల ఝంకారము. మేము పెట్టెను అనుమానించుచుండగా, ఇంటి పిల్ల వచ్చి, "అత్తా, ఒకసారి పసుపును తీసి ఎఱుపు చోట పెట్టి చూడండి" అన్నది. పెట్టితిమి, సరిపోయినది. ఈ తీగల లోపలి వరుస ఒక్కొక్క తయారీదారునికి ఒక్కొక తీరుగా నుండునట. రంగును నమ్మి కూర్చుండక మార్చి మార్చి చూడవలయును. దానివలన చెడునది యేమియు లేదు.

బొమ్మ చూచిన అవ్వగారు, "స్వామి యింత బక్కచిక్కినాడేమే?" యని అడిగిరి. నిజమే. నేటి ప్రసారము వెడల్పైనది. వారి తెర దాదాపు చదరము. వెడల్పును ఇరికించినచో మొగములన్నియు కోలలగును. సెట్‌టాప్ బాక్సు అమరికలలో 4:3 లెటర్‌బాక్సు అనుదానిని ఎంచగా, పైనను క్రిందను నల్లని పట్టీలు వచ్చినవి కాని స్వామివారు యథారూపము దాల్చిరి. తెరకు స్పీకర్లు లేవు గనుక కంప్యూటరు స్పీకర్లనే పెట్టెకు తగిలించితిమి. క్రింద పరుగిడు వార్తాక్షరములు మాత్రము మసకగానే యున్నవి. అది ఈ పెట్టెతో తీరునది కాదు.

అసలు చిక్కు తీగలలో లేదు. తెర యొక్కటే, పిల్ల చదువును అవ్వ కల్యాణమును ఒకే మధ్యాహ్నము. మేము వచ్చునప్పటికే తల్లి నిశ్చయించుకొన్నది, పిల్ల ఆ గంట పుస్తకము చూచి చదువుకొనవలెనని. పిల్ల మాటాడలేదు. ఇంటిలోని పెద్దల యవసరమునకు ఆడపిల్ల గంట ఎప్పుడును చౌకయే యని మాకు తోచినది. అతిథులమైనను పైకే అంటిమి. తల్లి కొంచెము చిన్నబుచ్చుకొన్నది. పిమ్మట అవ్వగారే, సెలవు దినములలో మాత్రము చూచెదననియు, తక్కిన దినములు పాట విన్న చాలుననియు చెప్పిరి. మానిటరును కంప్యూటరు బొమ్మమీద నుంచి సెట్‌టాప్ బాక్సు శబ్దమును నేరుగా స్పీకరునకు కలిపితిమి. పిల్ల లెక్కలు చేసికొనుచుండగా ప్రక్కన మంగళవాద్యములు. అది చదువునకు ఎంతవరకు ఒప్పునో పిల్లయే చెప్పవలె.

పలమనేరు, వి.కోట మీదుగా కుప్పము చేరితిమి. అక్కడ మా పినతల్లి కూతురి యింట కేబులు లేదు. నెలకు రుసుము లేని డీడీ ఫ్రీడిష్ గిన్నె ఆగ్నేయముగా తిరిగి మిద్దెమీద నున్నది. ఆ బాక్సుకు మూడు రంధ్రములు నున్నందున పదినిమిషములలో సప్తగిరి చానెలు వచ్చినది. మిద్దెమీది పాత యాంటెన్నాను కూడ తగిలించి చూచితిమి. ఇసుక రాలిన చప్పుడే. దూరదర్శన్ వారు పాత భూతల ప్రసారిణులను 2022 నాటికి దాదాపు అన్నిటిని మూసివేసిరి గదా! యూఎస్‌బీ ట్యూనరొకటి కూడ మా సంచిలో నుండెను. వారి క్రొత్త కంప్యూటరు దానిని గుర్తింపనే లేదు.

జాబునకు మా ప్రత్యుత్తరము: వీజీఏ తప్ప వేరు రంధ్రము లేని పాత మానిటరు మీ యింట నున్నచో, ఐదాఱువందలకు మించకుండ ఈ పెట్టె కొనవచ్చును. కొనుటకు ముందు మీ సెట్‌టాప్ బాక్సును అంగడికే తీసికొనిపోయి, బొమ్మయు శబ్దమును రెండును చూచి డబ్బిండు. మానిటరునకు హెచ్.డి.ఎమ్.ఐ. రంధ్రమున్నచో పెట్టెయే వలదు; బాక్సునుండి నేరుగా తీగ చాలును, బొమ్మయు స్పష్టముగా నుండును. వెదకు మీట చూపి వేయి రూపాయలడుగు వారివద్ద కొనకుడు.

మేము కొన్న పెట్టెను పుంగనూరులోనే విడిచి వచ్చితిమి.