పరీక్ష సరే, ఊడ్చిందెవరు?

యజమాని అనుమతితో సర్వరులోకి చొరబడి లోపాలు చూపే పెనిట్రేషన్ టెస్టింగ్ మెచ్చదగిన విద్యే. అయితే నివేదిక చేతికివ్వడంతో ఆ పని పూర్తికాదని నా అభిప్రాయం. పరీక్షకై ఎక్కించిన వెబ్ షెల్, సృష్టించిన ఖాతా అక్కడే మిగిలిపోతే, రేపు వచ్చే దొంగ కొత్తగా కన్నం వేయనక్కరలేదు. మనం వేసిందే చాలు.

ఈ పనికి వాడే మెటాస్‌ప్లాయిట్ సైతం, తాను వదిలిన ఫైలును తీసివేయలేకపోతే మీరే తొలగించుకోవలసి రావచ్చునని హెచ్చరిస్తుంది. ఆ వరుస తెరపై జారిపోతుంది. కనుక ఏ ఫైలు ఎక్కడ, ఎప్పుడు పెట్టామో అప్పటికప్పుడే రాసుకోవాలి. తీయలేనివేవైనా ఉంటే ఆ జాబితా యజమానికి అప్పగించాలి.

శుభ్రం చేయడమంటే లాగ్‌లు చెరిపివేయడం కాదు. అవి యజమాని సొత్తు. మన చెత్త మనమే ఎత్తాలి. మన అడుగుజాడలను మాత్రం ఉండనివ్వాలి. ఏమంటారు?