వ్యర్థంలో అర్థం

1978లో పుణెలోని టెల్కో కర్మాగారంలో పనిచేస్తున్న యువ ఇంజనీరు ఒకరు ఏడాది సెలవు తీసుకొని మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాకు వెళ్ళారు. ఆయన కాన్పూర్ ఐ.ఐ.టి. పట్టభద్రుడు అరవింద్ గుప్తా. ఆ జిల్లాలోని 16 పాఠశాలల్లో 1972లోనే ఒక విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమం ఆరంభమైంది. విద్యార్థులు పాఠాన్ని వల్లె వేయకుండా, ప్రయోగాలు చేసి తెలుసుకోవాలన్నది దాని ఆశయం. కాని ప్రయోగశాల లేని పల్లెబడికి పరికరాలు ఎక్కడివి? గుప్తా వాటికోసం వారపు సంతలో వెతికారు. అగ్గిపుల్ల, సైకిలు వాల్వు ట్యూబు ఆయనకు కావలసిన పరికరాలయ్యాయి.

నాటినుండి ఆయన నిర్వహించిన కార్యశాలల తీరు సులభమైనదే. అగ్గిపుల్లల మందును గీకివేసి, ట్యూబును చిన్నచిన్న ముక్కలుగా కోసి, పుల్లల కొసలను వాటిలో దూర్చాలి. మూడు పుల్లలు కలిస్తే త్రిభుజం. దాన్ని ఎంత నెట్టినా ఆకృతి చెదరదు. నాలుగు పుల్లల చతురస్రాన్ని వేలితో తాకితే చాలు, పక్కకు ఒరిగి సమచతుర్భుజమవుతుంది. ఇనుప వంతెనలలో అన్ని త్రిభుజాలు ఎందుకున్నాయో పదేళ్ళ బాలుడికి ఎవరూ చెప్పనవసరం లేదు. అతని వేళ్ళకే తెలుస్తుంది. ఆ ఎరుకతోపాటు 'నేనూ చేయగలను' అనే ధైర్యం కూడా కలుగుతుంది. మార్కుల పట్టికలో దీనికి గడి లేదు.

మన పల్లెలకు ఇది కొత్త విద్య కాదు. ముంజలు తిన్నాక మిగిలిన కాయలకు పుల్ల గుచ్చి బండి నడిపిన పిల్లలు, పాత చీరలతో బొంతలు కుట్టిన అమ్మమ్మలు పర్యావరణమన్న మాట పలకకుండానే ఆ పని చేశారు.

నాలుగు అగ్గిపుల్లలతో నగరాల చెత్తకుప్పలు తరుగుతాయా అని కొందరు ఆక్షేపిస్తారు. తరగవు. కాని వస్తువును విప్పి చూసి, మళ్ళీ కూర్చిన చేయి దాన్ని అంత తేలికగా పారవేయదు. ఆక్షేపించవలసినది మరొకటి ఉంది. నేడు చాలా పాఠశాలల్లో వ్యర్థాలతో వస్తువుల తయారీకి పోటీలు పెడుతున్నారు. వాటికోసం తల్లిదండ్రులు దుకాణాలకు పరుగెత్తి కొత్త థర్మాకోలు, ఐస్‌క్రీం పుల్లలు, మెరుపుకాగితాలు కొంటున్నారు. రాత్రంతా మేల్కొని బొమ్మను వారే చేస్తారు. బహుమతి పిల్లవాడికి వస్తుంది. మర్నాటికి ఆ బొమ్మ కూడా చెత్తబుట్టకే చేరుతుంది. ఇందులో పొదుపూ లేదు, చదువూ లేదు.

హోషంగాబాద్ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం నిలిపివేసింది. అయితే గుప్తా కృషి ఆగలేదు. 2003 నుండి 2014 వరకు పుణెలోని ఒక ఖగోళ పరిశోధన సంస్థకు చెందిన బాలల విజ్ఞాన కేంద్రంలో ఆయన బొమ్మలు చేయడం నేర్పారు. 2018లో పద్మశ్రీ పొందారు. ఆ బొమ్మల తయారీ విధానాలు అంతర్జాలంలో ఉచితంగా లభిస్తున్నాయి. వాటిని తరగతిలోకి తేవడానికి ఒక అగ్గిపెట్టె, మూరెడు వాల్వు ట్యూబు, పిల్లల చేతిలోని పనిని తాను లాక్కోని ఉపాధ్యాయుడు ఉంటే చాలు.