ఉప్పు తీసేసి "మ్యాచ్ అయింది" అనకండి

జావా లైబ్రరీతో ఎన్‌క్రిప్ట్ చేస్తే ఒక రిజల్టు, అదే పాస్‌వర్డుతో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కమాండు కొడితే ఇంకో రిజల్టు. ఈ గోల మనలో ఎవరికి తగల్లేదు చెప్పండి? నా బాధల్లా దానికి మనవాళ్ళు చేసే వైద్యం గురించే. "నోసాల్ట్ ఆప్షన్ పెట్టు, మోడ్ ఈసీబీకి మార్చు, రెండూ ఒకటే వస్తాయి". నిజమే, వస్తాయి. ఆ కోడే ప్రొడక్షన్‌కి కూడా వెళ్ళిపోతుంది!

అసలు అవి ఒకటే ఎందుకు రావాలండీ? పాస్‌వర్డు ఇస్తే అదే కీ అయిపోదు. ఆ కమాండు ప్రతిసారీ 8 బైట్ల సాల్టు కొత్తగా పుట్టించి, పాస్‌వర్డుతో కలిపి హాష్ చేసి, అందులోంచి కీ, ఐవీ రెండూ తీస్తుంది. అందుకే ఒకే కమాండు రెండుసార్లు కొట్టినా రెండు రకాలుగా వస్తుంది. ఇది బగ్గు కాదు, దాని డ్యూటీయే అది. ఉప్పు తీసేస్తే ఒకే పాస్‌వర్డుకి ఒకే కీ, ఒకే డేటాకి ఒకే సైఫర్.

దాని ఫలితం ఏమిటంటారా? 2013లో అడోబీ నుంచి దొంగలు ఎత్తుకెళ్ళిన కోట్ల పాస్‌వర్డులు ట్రిపుల్ డెస్ ఈసీబీలో ఉన్నవే. కీ దొరక్కపోయినా ఎవరెవరిది ఒకే పాస్‌వర్డో చూడగానే తెలిసిపోయింది. పక్కనే ఉన్న హింట్లు చదివి చాలావాటిని ఊహించేశారు.

"డెడ్‌లైను బాబూ" అంటారు. సరైన దారికీ పెద్ద టైం పట్టదు. కమాండుకి "మైనస్ పి" ఇస్తే సాల్టు, కీ, ఐవీ కళ్ళముందు ప్రింటు చేస్తుంది. అవే లైబ్రరీకిచ్చి చూడండి. డైజెస్ట్ చూడండి: 2016లో వచ్చిన 1.1.0 వెర్షన్‌తో డీఫాల్ట్ ఎండీ5 నుంచి షా256కి మారింది. పీబీకేడీఎఫ్2 వాడితే రెండువైపులా డైజెస్టు, ఇటరేషన్లు ఒకటేనా? అవుట్‌పుట్ మొదట్లో ఉండే 16 బైట్ల హెడర్ విడదీశారా? ఎకో చివర్లో న్యూలైన్ కలుపుతోందా? జావాలో ఉత్త "ఏఈఎస్" అని రాస్తే మామూలుగా వచ్చేది ఈసీబీయే, అదీ గమనించండి.

ఇక పరీక్ష అంటారా, రెండు సైఫర్లు పక్కపక్కన పెట్టి పోల్చడం కాదు. ఇక్కడ ఎన్‌క్రిప్ట్ చేసింది అక్కడ డీక్రిప్ట్ అవ్వాలి, అంతే. టికెట్ క్లోజ్ చెయ్యడం మన అవసరం, సరే. కానీ ఆ డేటా మాత్రం మన సొంతం కాదు కదా?