రెండో ప్రింటు ఏదీ?

అర్ధవీడు నుంచి ఓ తమ్ముడు రాశాడు. ఉన్నదున్నట్టు చదవండి:

"అన్నా! మా అక్క పెళ్లి వీడియో ఉంది. అందులో మా నాన్న ఉన్నాడు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. ఇంకా ముందువి రెండు పాత వీడియో క్యాసెట్లున్నాయి. ఇవిగాక మేం నలుగురం కలిసి కంభం చెరువు కట్ట మీద ఒక షార్ట్ ఫిలిం తీస్తున్నాం. ఫోన్లన్నీ నిండిపోయినాయి. ఆన్‌లైన్లో 16 టెరాబైట్ల డిస్కు 1,500 రూపాయలకే ఉంది. అరచేతిలో పడుతుంది. కొనేదా?"

కొనొద్దు తమ్ముడూ! ఇంటర్వెల్ దాకా సస్పెన్సు పెట్టకుండా ఇప్పుడే చెప్పేస్తున్నా... కొనొద్దు.

అంత చవగ్గా వచ్చే 16 టెరాబైట్ల డిస్కుని విప్పి చూస్తే లోపల ఉండేది ఓ చిన్న మెమరీ కార్డు. దాని మీద కూర్చున్న చిప్పుకి అబద్ధం నేర్పి పంపుతారు. కంప్యూటరు "ఎంత స్థలముంది?" అని అడిగితే "16 టెరాబైట్లు" అంటుంది. నిజం 64 జీబీయో, 128 జీబీయో. అది నిండేదాకా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నిండాక కొత్త ఫైళ్లు పాతవాటి మీద పడతాయి, లేదా గాల్లో కలుస్తాయి. పేర్లు మాత్రం వరసగా కనబడుతూనే ఉంటాయి! ఆర్నెల్ల తర్వాత నాన్నగారి గొంతు విందామని నొక్కితే అప్పుడు తెలుస్తుంది, హాలు బయట వాల్‌పోస్టరు తప్ప లోపల బొమ్మ లేదని. అప్పటికి ఫోనులో ఉన్నది నువ్వే తుడిచేసి ఉంటావు.

మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. హెచ్.ఎం. రెడ్డి తీశారు. మన సినిమా కథ అక్కణ్నుంచి మొదలెడతాం కదా, మీలో ఎవరైనా చూశారా? చూడలేరు. ప్రింటు లేదు! అంతకు ముందు ఏడాది వచ్చిన హిందీ 'ఆలం ఆరా'దీ అదే గతి. ఆ రోజుల్లో ఫిల్మును నైట్రేటుతో చేసేవారు, నిప్పు తగిలితే భగ్గుమనేది. ఆడేసిన ఫిల్మును వెండి కోసం కరిగించి అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. పుణెలో ఫిలిం ఆర్కైవు వచ్చింది 1964లో. పోనీ అక్కడ చేరినవన్నీ క్షేమమా అంటే, 2003 జనవరిలో అక్కడి గోదాములో మంటలు లేచి, అంత కష్టపడి దాచిన పాత నైట్రేటు రీళ్లు ఎన్నో బూడిదయ్యాయి. దాచడం ఒకటి, రెండు చోట్ల దాచడం ఇంకొకటి.

మరి 1957 నాటి 'మాయాబజార్' 2010లో రంగులద్దుకుని మళ్లీ థియేటర్ల కొచ్చిందంటే? 2022 ఆగస్టులో 'పోకిరి' మళ్లీ విడుదలైతే మీరు కాగితాలు చించి ఎగరేశారంటే? రంగులద్దడానికీ, మళ్లీ ఆడించడానికీ సరుకంటూ ఒకటి మిగిలింది గనక!

సరే, అసలు విషయానికొద్దాం. ఏం కొనాలి?

ముందు సరుకెంతో లెక్కేసుకో. పెళ్లిళ్లకొచ్చే కెమెరా సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకి 45 జీబీ. రెండు కెమెరాలు ఆరేసి గంటలు తిరిగితే 540 జీబీ, అంటే అర టెరాబైటు పైచిలుకు ఒక్క పెళ్లికే! అయితే మీకు ఫోటోగ్రాఫరు ఇచ్చింది కోసి కూర్చిన వీడియో కాబట్టి అంతుండదు. నీ షార్ట్ ఫిలిమే స్థలం తింటుంది. అయినా నలుగురు కుర్రాళ్లకి 4 టెరాబైట్లు చాలు. నా మాట విని 8 టెరాబైట్లది ఒకటి కొనకు. 4 టెరాబైట్లవి రెండు కొను. డబ్బు కాస్త ఎక్కువవుతుంది, తెలుసు. రెండూ ఒకేసారి కుదరకపోతే రెండోది వచ్చే నెల. వేరే కంపెనీది అయితే ఇంకా మేలు, ఒకే లాటులో ఒకే జబ్బు ఉండొచ్చు.

హార్డ్ డిస్కు లోపల ఏముంటుందో మార్కాపురం పలక తెలిసిన మీకు వేరే చెప్పాలా? అదీ పలకే. గుండ్రంగా ఉండి నిమిషానికి 5,400 చుట్లో, 7,200 చుట్లో తిరిగే పలక. దాని మీద రాసే ముల్లు పలకని తాకదు, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో తేలుతూ ఉంటుంది. తిరిగేటప్పుడు డిస్కు జారి కిందపడిందా, ముల్లు పలకని గీరేస్తుంది. 1956లో ఐబీఎం తెచ్చిన మొట్టమొదటి డిస్కులో 50 పలకలుండేవి, పట్టేది మాత్రం 50 లక్షల అక్షరాలు. మీ ఫోనులో ఒక ఫోటోకే సరిపోదు. ఇప్పుడు 30 టెరాబైట్లు దాటినవీ ఉన్నాయి. కానీ పడిపోతే పోవడంలో తాతకీ మనవడికీ తేడా లేదు.

జేబులో పట్టే రెండున్నర అంగుళాలవి యూఎస్‌బీ తీగతోనే నడుస్తాయి, సాధారణంగా 5 టెరాబైట్ల దాకా దొరుకుతాయి. మూడున్నర అంగుళాల పెద్దవాటికి విడిగా కరెంటు కావాలి. రాస్తుండగా కరెంటు పోతే ఫైలు పాడవుతుంది. ఇన్వర్టరో యూపీఎస్సో లేని ఇంట్లో లాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచే చిన్నదే నయం. ఇంకో కిటుకు: చిన్నవాటిలో చాలామటుకు రాత గీతలు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కి ఉంటాయి. ఒక పెంకు మార్చాలంటే పక్కవీ కదపాలి కదా, అందుకే తిరగరాయడం నెమ్మది. దాచుకోడానికి భేషు. దాని మీదే ఎడిటింగు చేద్దామనుకుంటే నీకూ మీ హీరోకీ తగాదా ఖాయం.

తెచ్చి తగిలించగానే 4 బదులు 3.63 కనబడుతుంది. కొట్టువాడి మీదకి వెళ్లకు! కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1,024 చొప్పున. మోసం కాదు. అసలు మోసం పట్టుకోడానికి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఉచిత ప్రోగ్రాముంది. డిస్కు మొత్తం రాసి, తిరిగి చదివి చూస్తుంది. సెకనుకి 100 ఎమ్‌బీ వేగమైతే 4 టెరాబైట్లు రాయడానికే 11 గంటలు, చదవడానికి అన్ని గంటలు. ఓ రాత్రీ ఓ పగలూ పోతే పోనీ. ఆ పరీక్ష అయ్యాకే నాన్నగారి వీడియో అందులో పెట్టు. వారంటీ చూసి మురిసిపోకు, పాడైతే వాళ్లిచ్చేది కొత్త డిస్కు. అందులో మీ నాన్న ఉండడు.

రెండో డిస్కు ఎక్కడ పెట్టాలి? అదే బీరువాలో కాదు. దొంగ వస్తే రెండూ పోతాయి, వాన కురిసినా రెండూ తడుస్తాయి. మీ అక్కని ఇచ్చిన ఊరికి పంపు. 1998లో అమెరికాలో పిక్సార్ వాళ్లు 'టాయ్ స్టోరీ 2' తీస్తుండగా ఎవరో పొరపాటున ఒక కమాండు కొట్టారు, బొమ్మలన్నీ వరసగా మాయమైపోయాయి. బ్యాకప్ ఉందిలే అనుకున్నారు, అది సరిగా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. బిడ్డ పుట్టి ఇంట్లోంచే పనిచేస్తున్న టెక్నికల్ డైరెక్టరు గాలిన్ సస్మన్ దగ్గర ఒక కాపీ ఉంది. ఆ కంప్యూటరుని దుప్పట్లలో చుట్టి, పసిబిడ్డలా కారులో పెట్టుకుని స్టూడియోకి తెచ్చారు. అంత పెద్ద కంపెనీని ఆదుకున్నది బాలింత ఇల్లు!

అన్నట్టు, నాన్నగారు మాట్లాడే ఆ నాలుగు నిమిషాలు విడిగా కోసి, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో కూడా పెట్టు. ఆ పని ఇవాళే చెయ్యి, డిస్కు కొనేదాకా ఆగకు.

ఇక ఆ రెండు క్యాసెట్లు. ఫునాయ్ అనే జపాను కంపెనీ 2016 జూలైలో వీసీఆర్ల తయారీ ఆపేసింది. ఉన్న పాత మిషన్లు రిపేరు చేసేవాళ్లూ తగ్గిపోతున్నారు. టేపుకి బూజు పట్టకముందే గిద్దలూరులోనో మార్కాపురంలోనో పాత ఫోటో స్టూడియోల వాళ్లని వాకబు చెయ్యి. షార్ట్ ఫిలిం ఓ వారం ఆలస్యమైతే ఏం కాదు.

సంక్రాంతికి అక్క వచ్చినప్పుడు ఆ డిస్కూ తెమ్మను. తిప్పి చూసి, కొత్తవి ఎక్కించి పంపు. దాని మీద పెద్ద అక్షరాలతో "నాన్న" అని రాసి అతికించు. లేకపోతే మీ మేనల్లుడు అందులో కార్టూన్లు నింపేస్తాడు.