అమరుట వేఱు, సరిపోవుట వేఱు

పరదేశమున కేగువారు అచటి చలికి తగిన వస్త్రములను, మందులను, ఊరగాయలను మఱువక సర్దుకొందురు. కాని తాము వెంట గొనిపోవు విద్యుదుపకరణము అచటి విద్యుత్తునకు తగునా యని పలువురు విచారింపరు. సాకెట్టులో ప్లగ్గు అమరినచో పని జరుగునని వారి విశ్వాసము. ఈ విశ్వాసము వస్తువునకును, ఇంటికిని, ఒక్కొక్కప్పుడు ప్రాణమునకును చేటు తెచ్చును.

భారతదేశమున ఇండ్లకు సరఫరా యగు విద్యుత్తు 230 వోల్టులు. దాని పౌనఃపున్యము 50 హెర్ట్జులు, అనగా అది సెకనునకు 50 మార్లు ఆవృత్తి చెందును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 120 వోల్టులు, 60 హెర్ట్జులు. జపానులో 100 వోల్టులే. ఈ భేదమునకు చరిత్రయే కారణము. 1882లో ఎడిసన్ న్యూయార్కు నగరమున పెర్ల్ వీధి కేంద్రమునుండి దీపములకు సుమారు 110 వోల్టుల విద్యుత్తు నందించెను. అమెరికా ఆ జాడనే నడచెను. ఐరోపా దేశములు తరువాత 220 వోల్టుల పద్ధతి నవలంబించెను. వోల్టులు రెట్టింపైనచో అదే పనికి తీగలో ప్రవహించు కరెంటు సగమగును. తీగలో వృథాయగు వేడి నాలుగవ వంతునకు తగ్గును.

ఈ సంఖ్యలను ఉపేక్షించినచో నేమగునో చూడవలెను. అమెరికాలో కొన్న 120 వోల్టుల, 1000 వాట్ల ఇస్త్రీపెట్టెను భారతదేశమున 230 వోల్టులకు తగిలించినచో, వోల్టులు రెట్టింపునకు కొంచెము తక్కువగా పెరిగినను, వేడి సుమారు మూడున్నర రెట్లు మించును. తీగచుట్ట మాడిపోవును, మంటయు లేవవచ్చును. దీనికి విపర్యయముగా, అమెరికాలోని కుమార్తె యింటికి పోవు తల్లి పెట్టెలో మిక్సీ పెట్టుకొనిపోవుట తెలుగు కుటుంబములలో తఱచు కలదు. అచటి 120 వోల్టులకు అది మందకొడిగా తిరుగును. పప్పు వేసినంతనే నిలిచిపోవచ్చును. 110 వోల్టుల మిక్సీలను భారతదేశపు తయారీదారులే చేసి యమ్ముచున్నారు. ముందుగా విచారించినచో ఆ మోత వృథా కాదు.

ప్రయాణికులను అధికముగా మోసపుచ్చునది అడాప్టరు. అది ప్లగ్గు ఆకారమును మార్చును గాని వోల్టులను మార్చదు. వోల్టులను మార్చునది ట్రాన్స్‌ఫార్మరు. దాని సామర్థ్యము ఉపకరణపు వాట్లకంటె హెచ్చుగా నుండవలెను. అదియు పౌనఃపున్యమును మార్చజాలదు. ఆవృత్తులను లెక్కించి నడచు 60 హెర్ట్జుల గోడగడియారమును 50 హెర్ట్జుల దేశమున పెట్టినచో, గంట గడచునప్పటికి అది 50 నిమిషములే చూపును. మఱియొక ప్రమాదము కలదు. భారతీయ ప్లగ్గున లావుగా నుండు మూడవ పిన్ను ఎర్తు. రెండు పిన్నుల అడాప్టరుతో దానిని వ్యర్థము చేసినచో, లోహపు తొడుగుగల ఉపకరణము చెడినపుడు విద్యుత్తునకు మనుష్యదేహమే మార్గమగును.

అట్లని అన్నింటికిని భయపడ నక్కఱలేదు. సెల్‌ఫోను ఛార్జరుపై సాధారణముగా "100–240 వోల్టులు, 50/60 హెర్ట్జులు" అను అర్థముగల అక్షరములుండును. అట్టిదానికి అడాప్టరు చాలును. కావున నిర్ణయించునది సాకెట్టు కాదు, ఉపకరణముపై నున్న లేబులు.

లోకమంతట ఒకే వోల్టేజి యుండరాదా యని కొందఱందురు. కోరిక మంచిదే, కాని సాధించుట సులభము కాదు. పందొమ్మిదవ శతాబ్దాంతమున టోక్యో జర్మనీనుండి 50 హెర్ట్జుల యంత్రములను, ఒసాకా అమెరికానుండి 60 హెర్ట్జుల యంత్రములను కొనెను. నేటికిని జపాను తూర్పున నొక పౌనఃపున్యము, పడమట నొకటి కలదు. 2011 భూకంపము తరువాత తూర్పున విద్యుత్తు కొఱవడగా, మార్పిడి కేంద్రముల శక్తి చాలక పడమటి ప్రాంతము తగినంత సాయము చేయలేకపోయెను. ఒక్క దేశమే ఏకము కాలేనపుడు ప్రపంచము ఏకమగువఱకు వేచియుండుట వివేకము కాదు.

తయారీదారులు లేబులుపై సంఖ్యలను కంటి కానునట్లు పెద్దవిగా ముద్రింపవలెను. అడాప్టరు నమ్మువారు అది వోల్టులను మార్చదని స్పష్టముగా చెప్పవలెను. అయినను తుది బాధ్యత ఉపయోగించువానిదే. పెద్ద గ్రంథములు చదివినవాడు సైతము చేతనున్న వస్తువుపై నాలుగు మాటలు చదువనిచో ఆ చదువు ఆపదవేళ అక్కఱకు రాదు. విద్యార్థులు నేడే తమ యింటి ఉపకరణములపై నున్న సంఖ్యలను చదివి, వాని యర్థమును పెద్దలకు తెలుపవలెను. తగిలించుటకు ముందు చదువుట క్షణకాలపు పని. తగిలించిన పిమ్మట జరుగు కీడును మరలించుట ఎవరితరమును కాదు.