ఉరుముకు సెన్సర్ కడితే అపచారమా?

సెన్సర్లు, సింథసైజర్లతో చేసే ప్రయోగ సంగీతం మన గడ్డది కాదనీ, కరెంటుతో పలికేదానికి ప్రాణం ఉండదనీ తీర్పు చెప్పే పెద్దలారా, మీ కచేరీలో పక్కనే మోగుతున్న శ్రుతి పెట్టె సంగతేమిటి? వేణువు వాయించే బెంగళూరు ఇంజనీరు జి. రాజ్ నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ తంబురా తెచ్చాడు. దాన్ని మీరే నెత్తిన పెట్టుకున్నారు. మన పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక రాగాలు పలికిస్తే లోకమే చెవి ఒగ్గింది. హార్మోనియం కథ ఇంకా ఘోరం. పరాయి వాద్యమని ఆకాశవాణి 1940లో వెలివేసింది, 1971 దాకా కరగలేదు. ఈరోజు హార్మోనియం లేని పద్యనాటకం చూపించండి!

కరెంటుకూ యంత్రానికీ బెదిరే సీమ కాదు మనది. ధర్మవరం మగ్గం మీద ఏ పోగు లేవాలో జాకార్డ్ అట్టల్లోని చిల్లులే చెబుతాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచి కియా ఫ్యాక్టరీలో రోబోలు కార్లకు వెల్డింగ్ చేస్తున్నాయి. కారుకు పనికొచ్చిన విద్య కళకు పనికిరాదా?

మన అనంతపురం సీమ తోలువాద్యం ఉరుమునే తీసుకోండి. వంపు పుల్లతో తోలును రాస్తే మేఘంలా మూలుగుతుంది. ఆ తోలుకు చిన్న పీజో సెన్సర్ అంటిస్తే రాపిడి విద్యుత్ సంకేతమవుతుంది. ఆ సంకేతాన్ని బట్టి సింథసైజర్ తన నాదాన్ని పెంచుతుంది, తుంచుతుంది, చీలుస్తుంది. చెయ్యి ఆగితే అదీ ఆగుతుంది. కళాకారుడి సత్తువే ఇక్కడ సంగీతం. 1984లో మిషెల్ వైస్‌విస్ అనే డచ్ సంగీతకారుడు చేతులకు సెన్సర్లు కట్టుకుని వేదికెక్కింది ఈ నమ్మకంతోనే.

మన దేశమూ వెనకబడి లేదు. అహ్మదాబాద్ జాతీయ డిజైన్ సంస్థలో 1969లోనే మూగ్ సింథసైజర్‌తో స్టూడియో వెలిసింది. గీతా సారాభాయ్ వంటి సంగీతకారులు అక్కడ పనిచేశారు. వాళ్లు రికార్డు చేసిన టేపులు అర్ధశతాబ్దం మూలన పడి, 2023లో గానీ ఆల్బమ్‌గా జనం ముందుకు రాలేదు. నిర్లక్ష్యం కళను ఇలాగే పాతిపెడుతుంది.

ఇంకో ద్రోహం గురించీ నిక్కచ్చిగా చెప్పాలి. ఉరుము చప్పుడును రికార్డు చేసుకుపోయి, ముక్కలు చేసి అమ్ముకుని, వాయించినవాడికి పైసా ఇవ్వకపోతే అది ప్రయోగం కాదు, దోపిడీ. సింథసైజర్ ఉరుములవాళ్ల చేతికే రావాలి. నేర్పాలి, కూలి కాదు, కళాకారుడి పారితోషికం ఇవ్వాలి, పోస్టర్ మీద ముందు వాళ్ల పేరే వెయ్యాలి.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కాలేజీల్లో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లల్లారా, మీ ప్రాజెక్టు పనిని ఉరుములవాళ్ల దగ్గరికి తీసుకుపోండి. లేపాక్షి ఉత్సవాలు జరిపే అధికారులారా, తుంబురుణ్ణి రాతిలో చెక్కిన నాట్యమండపం ఉన్న ఊళ్లో, సినిమా పాటలకు ఇచ్చే వేదిక మీద ఈ సంగీతానికీ ఒక సాయంత్రం ఇవ్వండి. విన్నాక తీర్పు జనం చెబుతారు. వినకముందే చెప్పే హక్కు ఎవరికీ లేదు.