గేరు దించడమూ విద్యే

కారు తోలడం వచ్చునా అని అడిగితే మన మిత్రుల్లో చాలామంది "టాప్ గేరులో వంద దాటించాను" అంటారు. గేరు ఎలా దించుతావంటే మాత్రం నవ్వేస్తారు. వేగం పెంచితే గొప్ప, తగ్గిస్తే నామోషీ అన్న భావం మనలో పాతుకుపోయింది. బండి తోలేవాడి పనితనం గేరు దించేటప్పుడే బయటపడుతుందని నా అభిప్రాయం.

ఇందులో మంత్రమేమీ లేదు, చిన్న లెక్క. మూడో గేరు నిష్పత్తి 1.4, రెండోది 2 అనుకుందాం. మూడో గేరులో ఇంజను నిమిషానికి 2100 చుట్లు తిరుగుతుంటే, అదే వేగంలో రెండో గేరుకు 3000 చుట్లు కావాలి. ఆ 900 చుట్ల తేడాను ఎవరో ఒకరు పూడ్చాలి కదా! క్లచ్ ఠపీమని వదిలేస్తే చక్రాలే ఇంజనును ఈడ్చి తిప్పుతాయి. బండి కుదుపుతుంది, క్లచ్ ప్లేటు అరుగుతుంది, తడిరోడ్డయితే చక్రాలు జారనూ వచ్చు. క్లచ్ తొక్కి గేరు మార్చే క్షణంలోనే యాక్సిలేటరు కాస్త తొక్కి, ఇంజను వేగం అందుకున్నాక క్లచ్ నిదానంగా వదిలితే, వెనక సీట్లో కునికే ముసలమ్మకు నిద్ర కూడా చెడదు.

1928లో కెడిలాక్ కార్లతో సింక్రోమెష్ వచ్చింది. అది లేని పాత లారీల్లో డ్రైవర్లు న్యూట్రల్లో ఒకసారి క్లచ్ వదిలి, ఇంజను వేగం పెంచి, మళ్లీ తొక్కి గేరు వేసేవారు. డబుల్ క్లచ్ అంటే అదే. సింక్రోమెష్ గేరుపెట్టెలో పళ్ల కీచులాట తీర్చింది గాని, ఇంజనుకూ చక్రాలకూ పొత్తు కుదిర్చే పని నేటికీ తోలేవాడి కాలిదే.

ఇదంతా సొగసు కోసమేనా? వెయ్యి కిలోల కారు తిరుమల నుంచి తిరుపతికి దాదాపు 700 మీటర్లు దిగుతుంది. ఆ శక్తి సుమారు 68 లక్షల జౌళ్లు. 23 లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగించే దాకా తేగల వేడి అది! ఆ భారమంతా బ్రేకుల మీదే వేస్తే అవి కాగి పట్టు వదులుతాయి. చిన్న గేరులో దిగితే అందులో చాలా భాగం ఇంజనే మోస్తుంది.

డీజిలు మిగులుతుందని పల్లంలో న్యూట్రల్ చేసేవాళ్లను మా వైపు రోజూ చూస్తాను. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో గేరు ఉంచి యాక్సిలేటరు వదిలితే, ఇంజను బాగా నెమ్మదించే దాకా ఇంధనం ఆగిపోతుంది. న్యూట్రల్లో అయితే ఇంజను ఆరిపోకుండా తాగుతూనే ఉంటుంది. అంటే ఆ పొదుపు ఉత్త భ్రమ.

"ఆటోమేటిక్ కార్లు వచ్చాయి, ఇంకా ఈ గొడవెందుకు?" అనే మిత్రులకు ఒక మనవి. మాది సేద్యం ఇల్లు. మా పొలాలకు కూలీలు వచ్చేది ట్రాక్టరు ట్రాలీల్లోనే. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులే ఉండవు. పాత ట్రాక్టర్లకు నడుస్తుండగా గేరు దించడం కుదరదు. పల్లం రాకముందే ఆపి చిన్న గేరు వేసుకోవాలి. ఈ ముక్క తెలియని కుర్రాడు స్టీరింగు పడితే, ట్రాలీలో ఉన్న ఇరవై మంది గతేమిటి?

లైసెన్సు ఇచ్చేముందు వాలులో గేరు దించి చూపమని అడగాలి. ఎన్.ఎస్.ఎస్. శిబిరాలకు పల్లెలకు వెళ్లే మనం, అక్కడ ట్రాక్టరు తోలే తమ్ముళ్లకు ఒక పూట ఈ లెక్క విప్పి చెబుదాం. మనం చదివిన భౌతికశాస్త్రం పరీక్ష కాగితం దాటి పనికొచ్చే చోటు అదే.